బిట్లకు జవాబులు వస్తాయి, పుస్తకాలు మాత్రం చదవలేదు. మీరు ఇప్పుడు ఏం చదువుతున్నారు?

వనపర్తి బిట్ల బాబు

అందరికీ నమస్తే. ముందు నా సంగతి చెప్తా, తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి.

నాలుగేళ్ల నుంచి గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. ఊరు వనపర్తి పక్కన, ఉండేది టౌన్లో రూమ్ తీసుకుని. లైబ్రరీ ఎనిమిదింటికి తెరుస్తారంటే ఏడున్నరకే గేటు ముందు బ్యాగు పెట్టి, ఫ్యాన్ కింది కుర్చీ కోసం కాచుకునే బ్యాచ్ మాది. లైబ్రరీ అంటున్నాను గానీ అక్కడ బీరువాలోంచి పుస్తకం తీసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఎవరి మెటీరియల్ వాళ్లే తెచ్చుకుంటారు. లైబ్రరీది కుర్చీ, కరెంటు, మంచినీళ్లు, అంతే.

గోలకొండ పత్రిక ఎప్పుడు? 1926. గోలకొండ కవుల సంచిక? 1934. అందులో ఎందరు కవులు? 354. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన మొట్టమొదటి పుస్తకం? ఆంధ్రుల సాంఘిక చరిత్ర, 1955. రాసింది సురవరం ప్రతాపరెడ్డి, 1952లో మా వనపర్తి నుంచే ఎమ్మెల్యేగా గెలిచాడు, అదీ బిట్టే. అర్ధరాత్రి లేపి అడిగినా తడబడను. పోయిన నెల ఊరికి పోతే మా అక్క బిడ్డ, ఏడో తరగతి, నా నోట్స్ తిరగేస్తూ "మామా, అయితే ఆ పుస్తకంలో ఏముంది?" అని అడిగింది. ఏ పుస్తకమే? "అదే, 1955ది." సంఘం గురించి ఉంటదమ్మా అన్నాను. అది నా మొహం ఒకసారి చూసి, ఇంక అడగలేదు. అడిగినా బాగుండేది.

వచ్చినాక లైబ్రరీలో అడిగితే పుస్తకం ఉంది గానీ బీరువాకు తాళం ఉంది, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. మూడు రోజులు తిరిగాను. చేతికి వచ్చాక వెనక అట్టకు అంటించిన చీటీ చూస్తే చివరి ముద్ర పడి పదకొండేళ్లు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడతాం కదా, ఆ లెక్కన ఈ పుస్తకానికి మా నాయన ఎంత కట్టి ఉంటాడో అని ఊరికే ఒక ఆలోచన.

ఇప్పుడు సగంలో ఉన్నాను. మొదట రెండు రోజులు నిద్ర వచ్చింది, అబద్ధం ఎందుకు. పద్యం వేస్తాడు, ఒక్కోసారి అర్థం చెప్తాడు, ఒక్కోసారి మనకు తెలుసులే అన్నట్టు ముందుకు పోతాడు. కానీ ఒకచోట పట్టుకుంది. రాజు ఎవరిని గెలిచాడు అన్నది కాదు ఈయన లెక్క. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలాడారు, ఏ దయ్యానికి భయపడ్డారు, ఇదంతా కావ్యాల్లోంచి, శాసనాల్లోంచి, చాటువుల్లోంచి ఏరుకొస్తాడు. కాకతీయుల నాటి ఓరుగల్లును చూపించే క్రీడాభిరామం అనే పాత నాటకంలో పూటకూటింటి పద్యం ఉంది చూడండి, లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు. ఇది చదివింది మధ్యాహ్నం ఒంటిగంటకు, మెస్‌కు పోయే ముందు. ఆ రోజు మెస్‌లో నీళ్ల చారు పోస్తుంటే నాకు కాకతీయుల మీద నిజంగా అసూయ పుట్టింది.

ఒక అనుమానం కూడా ఉంది. కవి రాసిందంతా జనం బతుకేనా? రూక పెట్టి తిన్నోడి సంగతి ఉంది, ఆ పూటకూటింట్లో గిన్నెలు తోమినోళ్లు ఏం తిన్నారు?

సరే, మీరు ఇప్పుడు ఏం చదువుతున్నారో చెప్పండి. పేరు చెప్పి పోవద్దు, నచ్చిందా లేదా, ఎందుకు, అదీ చెప్పండి. బిట్లు నా దగ్గర బోలెడు ఉన్నాయి.

కందనూలు టీచరమ్మ

తమ్ముడూ, మీ అక్క బిడ్డకు నా తరఫున ఒక చాక్లెట్ కొనివ్వు. అట్లా అడిగే పిల్లలు మా క్లాసులో ఇద్దరున్నా నా జన్మ ధన్యం.

నేను ఇప్పుడు పాకాల యశోదారెడ్డి గారి ఎచ్చమ్మ కథలు చదువుతున్నాను. ఆమెది బిజినేపల్లి, 1929లో పుట్టింది, ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసర్‌గా చేసింది. (ఇది నీకు బిట్టు అవుతుంది, రాసుకో.) నేను రోజూ బిజినేపల్లి మీదుగానే బడికి పోతాను, ఆ ఊళ్లో ఇంత రాసిన మనిషి పుట్టిందని నాకు ఉద్యోగం వచ్చిన ఆరేళ్లకు తెలిసింది. సిగ్గుపడాల్సిన సంగతే.

మొదట మామూలుగా, మనసులో చదువుకుంటూ పోయాను. రెండు పేజీలకు అరగంట పట్టింది, తలనొప్పి వచ్చింది. అచ్చంగా పాలమూరు మాట, మనం నోటితో అనేదే, కానీ అచ్చులో ఎప్పుడూ చూడలేదు కాబట్టి కన్నుకు అడ్డం పడుతుంది. ఒక రాత్రి మా అత్తమ్మ చింతపండులో గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని పైకి చదివాను. ఇంక చూడండి, బండి పల్లంలోకి దిగినట్టు పోయింది. మధ్యలో రెండు మూడుసార్లు "గట్ల కాదు పిల్లా" అని ఆమె నా పలుకు దిద్దింది కూడా. ఎమ్మే తెలుగు నాది, ఆమెకు సంతకం వస్తుంది అంతే, అయినా ఆ పుస్తకం ముందు ఇద్దరిలో చదువుకున్నది ఆమెనే.

నచ్చనిది కూడా చెప్పమన్నావు కదా. కొన్ని కథల్లో ముచ్చట తప్ప ఇంకేం జరగదు, అరుగు మీద కూర్చున్న మనిషి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతూనే ఉంటుంది. ఒకటి రెండు నేను సగంలో వదిలేద్దామనుకున్నాను, అత్తమ్మ ఒప్పుకోలేదు.

ఇంకొకటి, ఇది క్లాసు కోసం. రైలుబడి. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసింది, పాత రైలు పెట్టెలే తరగతి గదులు. అందులో హెడ్మాస్టరు కొబయాషి గారు పిల్లలను అన్నం డబ్బాలో సముద్రానిది కొంత, కొండలది కొంత తెచ్చుకోమంటాడు, అంటే చేపో నాచో ఒకటి, కూరగాయో మాంసమో ఒకటి. ఆరో తరగతికి రోజుకో అధ్యాయం చదివి వినిపిస్తున్నాను. "సముద్రం మనకాడ ఏడుంది టీచర్" అన్నారు. సరే, చెరువుది ఒకటి, చెలకది ఒకటి తేండి, శనివారం చూద్దాం అన్నాను. ఒకడు ఎండు పరక చేపలు, గుప్పెడు పెసలు తెచ్చాడు. ఒకతి చెరువు గట్టు మీది గునుగు పువ్వు తెచ్చింది, అది తినేది కాదే అంటే "చెరువుది అన్నరు గదా" అంది. పుస్తకం చివర 1945 బాంబుల్లో ఆ బడి కాలిపోతుంది. అది ఎట్లా చదివి వినిపించాలో ఇంకా తేల్చుకోలేదు, ఇంకో పది రోజుల్లో అక్కడికి వస్తాం.

జీరో టికెట్ అన్న

కండక్టర్ని, మిర్యాలగూడ వైపు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్లో వచ్చినప్పటి నుంచి మాకు తల పైకెత్తే టైమ్ లేదు, ఆధార్ చూడు, జీరో టికెట్ కొట్టు, ఆధార్ చూడు, జీరో టికెట్ కొట్టు. నేను తప్పు పట్టట్లేదు, మా ఇంట్లో ఆడోళ్లు కూడా తిరుగుతున్నారు, కానీ ఇదివరకు మల్లేపల్లి నుంచి దేవరకొండ దాకా ఖాళీ బండిలో ఇరవై పేజీలు చదివేవాణ్ణి, ఇప్పుడు బస్టాండ్లో టీ తాగే పదిహేను నిమిషాలే దిక్కు.

ఆ పదిహేను నిమిషాల్లో దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు నడుస్తోంది. 1969లో వచ్చిన నవల. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్నాను, ఎవరో లోపల "ప్రేమతో" అని రాసి పేరు కొట్టేశారు. నిజాం కాలం, సాయుధ పోరాటానికి ముందు. ఒక ఊరు, ఒక దొర, ఒక కరణం, వెట్టి, గడీ. పాణి అనే పాటగాడు బతుకుదెరువుకు బెజవాడ దిక్కు నుంచి ఇక్కడికి వస్తాడు, అతని కళ్లతో మనం చూస్తాం. ఉర్దూ కలిసిన మాటలు ఎక్కడ ఎట్లా పలుకుతారో అట్లనే పెట్టాడు, అది నాకు బాగా నచ్చింది. ఆడబాపల సంగతి చదివిన రోజు మాత్రం టీ కూడా తాగలేదు. దొర బిడ్డ పెండ్లి అయితే ఆమెతోపాటు ఒక పిల్లను సామానులెక్క పంపించుడు. మా నాయనమ్మ తిట్టేటప్పుడు ఆ మాట వాడేది, మాకు అర్థం తెలియకుండా నవ్వేవాళ్లం.

ఒకరోజు ముందు సీట్లో ఉన్న ముసలాయన అట్ట చూసి, ఏం పుస్తకం బిడ్డా అన్నాడు. చెప్పాను. "మా ఊర్ల గడీ ముంగట చెప్పులు చేతిల పట్టుకొని పోతుండె మా నాయన, చినుకులు పడ్డా సరే, ఎండ కొట్టినా సరే" అన్నాడు. హాలియా వచ్చింది, దిగిపోయాడు. ఇంకో రెండు స్టాపులు ఉంటే ఇంకేం చెప్పేవాడో.

నాకు నచ్చని పాయింట్ ఒకటుంది. మంచి చెడు చెప్పేది, అడిగేది, ఎదురు నిలబడేది ఎక్కువ ఆ వచ్చిన పాణినే. మనోళ్లకు నోరు లేదా? ఊరి జనం తల వంచుకునే ఉంటారు. లేచిన కాలం తర్వాతి నవలలో వస్తుందంట, మోదుగుపూలు. అది దొరికితే చదివి చెప్తా. బాబూ, గిన్నెలు తోమినోళ్లు ఏం తిన్నరు అన్నావు కదా, ఆ ప్రశ్నకు జవాబు నీ సాంఘిక చరిత్రలో కాదు, ఇట్లాంటి నవలల్లో దొరుకుతుందని నా ఉద్దేశం.

జడ్చర్ల నైట్ షిఫ్ట్

ఏమనుకోవద్దు, ఇక్కడ అందరూ పరీక్షకు వచ్చే పుస్తకాలో, కన్నీళ్లు వచ్చే పుస్తకాలో చెప్తున్నారు. ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్ట్ చేసేవాడికి రాత్రి మూడింటికి గడీ, వెట్టి చదివే ఓపిక ఉండదన్నా.

నేను యండమూరి వెన్నెల్లో ఆడపిల్ల మూడోసారి చదువుతున్నాను. చెస్ ఆడేవాడు రేవంత్, ఒక అమ్మాయి ఫోన్లో పరిచయం అవుతుంది, తన ఆచూకీ తనే కనుక్కోమని పజిల్ మీద పజిల్ ఇస్తుంది. ఇంటర్‌లో హాస్టల్లో టార్చిలైటు పెట్టుకుని చదివిన బుక్కు. అప్పుడు రాత్రంతా నిద్రపోలేదు. ఇప్పుడు ఎట్లా ఉందంటే, లెక్కలు చెస్సు ఉన్న చోటల్లా ఇంకా పరిగెత్తిస్తుంది, డైలాగులు మాత్రం అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నవే ఇప్పుడు చదివితే కొంచెం సిగ్గేస్తోంది. మా పక్క మెషిన్ కుర్రాడికి కథ చెప్తే "నంబర్ చూసుకోవచ్చు కదా అన్నా" అన్నాడు. ల్యాండ్‌లైన్‌లో నంబర్ కనపడదురా అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. మా ఆవిడ అయితే నాలుగు అధ్యాయాలు చదివి, ఇన్ని పజిళ్లు తయారుచేసే తీరిక ఉన్న ఆడపిల్ల ఎవరింట్లో ఉందో చెప్పు అని పక్కన పడేసింది. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా చివరికి వచ్చేసరికి మూడోసారి కూడా గొంతు పట్టేసింది, ఎందుకో చెప్పను, చదవనివాళ్లు ఉంటారు.

కాలక్షేపం పుస్తకం అని చిన్నచూపు చూడకండి, నాకు చదివే అలవాటు చేసింది ఇదే.

వనపర్తి బిట్ల బాబు

@జడ్చర్ల: చిన్నచూపు ఏం లేదన్నా, నేను నాలుగేళ్లలో కాలక్షేపానికి కూడా ఒక్కటి చదవలేదు, నీకంటే వెనకే ఉన్నాను.

@టీచరమ్మ: అక్కా, గునుగు పువ్వు తెచ్చిన పిల్లకు ఫుల్ మార్కులు వేయండి.

మూసీ వాగు పిల్ల

సూర్యాపేట పక్క ఊరు మాది, నేను పట్నంలో హాస్టల్లో ఉండి లా చదువుతున్నాను. పైన కండక్టర్ అన్న రాసింది చూసి ఇది చెప్పాలనిపించింది.

మనకు తెలియని మన చరిత్ర అని, స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశారు. ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, ఇంకా చాలామంది. అందులో గొప్పలు తక్కువ. దళంలో వంట ఎవరు చేశారు, పిల్లలు పుడితే ఏం చేశారు, 1951లో పోరాటం ఆపేశాక ఇంక ఇండ్లకు పొండి అంటే ఎట్లా అనిపించింది, ఇవన్నీ అడిగారు. తుపాకి పట్టిన చేతికి మళ్లీ చీపురు ఇచ్చినట్టు అయింది చాలామందికి. మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ నా మాటే తుపాకీ తూటా (2019) ముందు చదివాను, అది ఒక నాయకురాలి గొంతు, ధాటిగా పోతుంది. ఇది అట్లా కాదు, తడుముకుంటూ, ఒక్కోసారి ముందు చెప్పినదానికి అడ్డం చెప్పుకుంటూ ఉంటుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

దసరాకు ఇంటికి పోయినప్పుడు నాయనమ్మకు చదివి వినిపించాను. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటి చాలా ఏండ్లు, సరిగ్గా ఎన్నో ఆమెకే తెలియదు. రొట్టెలు చేసి దళానికి పంపే ముచ్చట వచ్చేసరికి, "గడ్డి మోపుల పెట్టి పంపుతరు, గంపల పెట్టరు, గంపల పెడితే పోలీసోళ్లు చూస్తరు" అంది, ఏదో నిన్నటి సంగతిలాగా. నువ్వు మోశావా అంటే, నేను కాదు మా అక్క మోసింది, నేను చింతచెట్టు కింద కూర్చుని ఎవరన్నా వస్తున్నరా అని చూస్తుంటి అంది. మా ఇంట్లో ఈ ముచ్చట ఎవరికీ తెలియదు, మా నాయనకు కూడా. ఆ అక్కను నేను చూడలేదు, ఫోటో కూడా లేదు.

తర్వాత కమలమ్మ చెప్పింది వచ్చింది. అడవిలో ఉండగా పుట్టిన పిల్లవాణ్ణి ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చిన భాగం. సగం చదివేసరికి "ఆపు బిడ్డా" అంది. ఎందుకు అంటే చెప్పలేదు, లేచి బర్రెకు కుడితి పెట్టడానికి పోయింది. మళ్లీ రాత్రి అన్నం తినేటప్పుడు, ఆ పుస్తకం ఇంట్లనే పెట్టిపో అంది. ఆమెకు చదువు రాదు. పెట్టి వచ్చాను. కాబట్టి నేను ఇప్పుడు ఆ పుస్తకం చదువుతున్నానా లేదా అంటే, మిగతా సగం సంక్రాంతికి.

బాబు గారూ, కవి రాసింది జనం బతుకేనా అని అడిగారు. జనాన్నే అడిగి రాసినా ఎవరో ఒకరు "ఆపు" అంటారు, అది కూడా చరిత్రలో ఎక్కడ రాయాలో నాకు తెలియదు.

నీలగిరి పెద్దాయన

చాలా రోజుల తర్వాత ఇక్కడ చదవదగ్గ ముచ్చట నడుస్తోంది, అందుకే రాస్తున్నాను. టైపింగ్ నెమ్మది నాకు.

బిట్ల బాబూ, నీ అనుమానం సరైనదే బిడ్డా, కానీ ఒక మాట. సురవరం రాసే నాటికి ఆయన చేతిలో ఉన్నది ఏమిటి? నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా అని ఎవరో రాస్తే ఆ మాటకు జవాబుగా ఊరూరికీ ఉత్తరాలు రాసి 354 మంది పద్యాలు తెప్పించి అచ్చువేసిన మనిషి. ఉంది అని చూపించడమే ఒక యుద్ధం అప్పుడు. ఉన్నదాంట్లో ఎవరు లేరు అని అడిగే పని నీ తరానిది. ఇంకొకటి, ఆయన వేమనను, శుకసప్తతి, హంసవింశతి అనే కథల కావ్యాలను సాక్ష్యానికి పిలిచినంతగా ఆస్థాన పండితులు పిలిచేవాళ్లు కాదు. చేతివృత్తుల పేర్లు, వాళ్ల పనిముట్లు ఉన్న పద్యాలు వెతుక్కుని మరీ తెచ్చాడు. పుస్తకం రెండో సగం చదివి మాట్లాడు.

నేను ప్రస్తుతం వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి మళ్లీ చదువుతున్నాను. ఆయనది మన నకిరేకల్ దగ్గర చెరువుమాదారం. చిన్నప్పుడే తండ్రి పోతే ఇండ్లల్లో వంట చేశాడు, హోటల్లో సర్వర్ పని చేశాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేసి, తానే సంచిలో వేసుకుని తిరిగి అమ్మాడు. నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్య, ఈయన కలిసి ఉన్నారు, దాశరథి తన అగ్నిధారను ఈయనకే అంకితం ఇచ్చాడు. ఇప్పుడు నవల సంగతి. కంఠీరవం అని ఒక యువకుడు, ఊరి దొర, వెట్టి, నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు పెట్టుకున్న ఆంధ్రమహాసభ పని. పాత్రలు అక్కడక్కడ ఉపన్యాసం ఇచ్చినట్టు మాట్లాడతాయి, దాన్ని దాచను. నాకు ఇరవై ఏళ్లప్పుడు ఆ ఉపన్యాసాలకే రోమాలు నిలబడ్డాయి, ఇప్పుడు అవి దాటేసి, దొర భూమి ఎట్లా కలుపుకుంటాడు, ఏ కాగితం ఎవరి చేతిలో ఉంటుంది, పోలీసు అమీను వచ్చినప్పుడు ఎవరింట్లో కోడి తెగుతుంది, ఇట్లాంటి చోట ఆగుతున్నాను. నేను రెవెన్యూలో ముప్పై రెండేళ్లు చేసి రిటైర్ అయ్యాను. కాగితం సంగతి ఆయనకు బాగా తెలుసు అని మాత్రం చెప్పగలను.

కండక్టర్ తమ్ముడు అడిగిన ప్రశ్న ఉంది కదా, మనోళ్లకు నోరు లేదా అని. కంఠీరవానికి ఉంది. ఈ రెండు నవలలూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

నల్లగొండ అంటే ఫ్లోరైడ్ నీళ్లు, కరువు అనే మాటే అందరికీ గుర్తు. 1922లో ఇక్కడి నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి అనే పత్రిక నడిపాడు. 1931లో ఆంధ్రమహాసభ రెండో సభ దేవరకొండలో జరిగింది. ఇవి బిట్లుగానైనా పిల్లల నోట్లో ఉన్నందుకు సంతోషమే, నేను బిట్లను తిట్టను.

ఆలంపూర్ గుడి మెట్లు

నాది చిన్న రిప్లై. గడియారం రామకృష్ణ శర్మ గారి శతపత్రం. ఆత్మకథ. మా ఆలంపూర్ మనిషి, 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ ఇచ్చారు, అప్పటికే ఆయన పోయి సంవత్సరం దాటింది. రోజూ నవబ్రహ్మ గుడుల ముందు నుంచే తిరుగుతాను, శాసనం అంటే రాయి మీద గీతలనుకునేవాణ్ణి. శాసనం చదివే మనిషి ఒక జీవితమంతా ఎట్లా బతికాడో చదువుతుంటే ఇప్పుడు గుడికి పోయినప్పుడు ఫోన్ టార్చి వేసి రాళ్లు చూస్తున్నాను, పూజారి అనుమానంగా చూస్తున్నాడు. పుస్తకంలో మధ్యలో పేర్లు ఎక్కువై కొంచెం నెమ్మదిస్తుంది. అంతే.

జడ్చర్ల నైట్ షిఫ్ట్

అందరూ ఇంత చెప్పాక సిగ్గొచ్చి అడుగుతున్నాను, ఇవి పీడీఎఫ్ ఎక్కడన్నా ఉన్నాయా? రాత్రి ఫోన్లో అయితే చదవగలను.

కందనూలు టీచరమ్మ

యశోదారెడ్డి గారిది అడగొద్దు బ్రదర్, కొనుక్కోవాలి. ఆమె పోయింది 2007లో, ఇంకా కాపీరైట్ ఉంటుంది.

మూసీ వాగు పిల్ల

లా స్టూడెంట్ జవాబు: మన దగ్గర రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి లెక్కపెట్టి 60 ఏండ్లు. సురవరం పోయింది 1953లో, కాబట్టి 2014 నుంచి ఆయన పుస్తకాలు ఎవరైనా అచ్చువేయొచ్చు, నెట్‌లో పెట్టొచ్చు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెలుగు వికీసోర్స్‌లో ఉంది, ఫ్రీగా చదవొచ్చు. ఆళ్వారుస్వామి 1961, అంటే 2022 నుంచి ఆయనవీ అంతే. రంగాచార్య గారు 2015లో పోయారు, కాబట్టి చిల్లర దేవుళ్ళు పీడీఎఫ్ ఎవరన్నా పంపితే అది దొంగ సరుకే.

వనపర్తి బిట్ల బాబు

వికీసోర్స్‌లో ఉందా!! నేను తాళంచెవి ఆయన కోసం మూడు రోజులు తిరిగానమ్మా.

పెద్దాయన గారూ, రెండో సగం చదివాకే మాట్లాడతాను, మాట ఇస్తున్నాను. ప్రజల మనిషి మాత్రం ఫోన్లో వద్దు, పుస్తకమే కావాలి. మెయిన్స్ నోటిఫికేషన్ వచ్చేలోపు ఒక్క నవలన్నా పూర్తి చేయాలని నాకు నేను పెట్టుకున్నాను, ఫోన్ తెరిస్తే జాబ్ అప్‌డేట్స్ గ్రూపుల్లోకి పోతాను.

నీలగిరి పెద్దాయన

నా దగ్గర రెండు ప్రతులు ఉన్నాయి. ఒకటి నీకు. పోస్టు ఖర్చు ఎందుకు, మిర్యాలగూడ బండి నల్లగొండ మీదుగా వస్తుంది కదా?

జీరో టికెట్ అన్న

శుక్రవారం నాకు పాలమూరు డ్యూటీ పడింది, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా. నల్లగొండ బస్టాండ్లో మా సోపతి కంట్రోలర్ రూమ్‌లో ఉంటాడు, అక్కడ ఇవ్వండి పెద్దాయనా, గురువారం రాత్రికి నా చేతికి వస్తుంది. బాబూ, నువ్వు శుక్రవారం పాలమూరు బస్టాండ్లో పదకొండున్నరకు ఉండు. ముందే చెప్తున్నా, దారిలో మల్లేపల్లి దగ్గర టీ తాగేటప్పుడు మొదటి పదిహేను పేజీలు నేను చదువుతా. నైట్ షిఫ్ట్ తమ్మీ, జడ్చర్లలో బండి ఐదు నిమిషాలు ఆగుతుంది, నువ్వు పడుకోకుండా ఉంటే వచ్చి పలకరించు. వెన్నెల్లో ఆడపిల్ల నేను చదవలేదు, తెచ్చి ఇయ్యి.

జడ్చర్ల నైట్ షిఫ్ట్

వస్తానన్నా. కానీ నాకు తిరిగి కావాలి. నాలుగోసారి ఉంది.